అయిదో వంతు తీపి

చిటికె దగ్గర మొదట ఉన్నవి నూట ఇరవై గింజలు.

అవి జాలారి చెట్టు గింజలు. ఒక్కోదానికి మూడు పొడవాటి రెక్కలు, రెండు పొట్టి రెక్కలు ఉంటాయి. జ్యేష్ఠ మాసపు గాలికి గిరగిరా తిరుగుతూ కొమ్మల మీద నుంచి దిగుతాయి. మిగతా ఉడుత పిల్లలు వాటిని పట్టుకుని ఆడుకుని పారేస్తుంటే, చిటికె మాత్రం మూడు రోజుల్లో నూట ఇరవై ఏరి, పదేసి చొప్పున పన్నెండు కుప్పలు పెట్టాడు. జాలారి గింజ దాచుకుంటే ఉండే రకం కాదు. పది రోజులు దాటితే రెక్కలు బాగానే ఉంటాయి, లోపల గింజ చచ్చిపోతుంది. అందుకని నాలుగో రోజే తల్లి చెట్ల కింద, ఆకులు చివికి మెత్తబడిన మట్టిలో అన్నిటినీ పాతేశాడు.

పక్కన కూర్చుని చూస్తున్న సుంకక్క చెవులు రెండూ వెనక్కి వాల్చింది. సుంకక్క చెవులపిల్లి. అయిదుగురు పిల్లల తల్లి. ఇప్పుడు ఉన్నది ముగ్గురే.

"ఇవన్నీ మొలుస్తాయంటావా?" అంది.

"అన్నీ ఎందుకు మొలుస్తాయక్కా? పురుగు తిన్నవి పోగా, ఎండినవి పోగా డెబ్బై మిగిలినా చాలు. మనకు కావలసింది యాభై."

"యాభైకి ఒకటి తగ్గితే?"

"తగ్గదు."

"నువ్వు ఏదైనా అంత తొందరగా చెప్పేస్తావు చూడు, అదే నా భయం."

ఈ యాభై లెక్క ఎక్కడిదంటే, కొండకు తూర్పున ఒక వాలు ఉంది. మూడేళ్ల కిందట అగ్గి పడి, కాలిన మోడు ఒకటి తప్ప దాని మీద చెట్టన్నది మిగల్లేదు. వాలుకు ఇటువైపు చెవులపిల్లుల పొదలు, అటువైపు నీటి ఊట. నీళ్లు తాగాలంటే వాలు దాటాలి. ఆకు చాటు కూడా లేని ఆ బయల్లో నక్క జిత్తయ్య కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటాడు. సుంకక్క పిల్లలు ఇద్దరూ పోయింది అక్కడే.

కొండకు ఒక కట్టు ఉంది. తాబేలు తాత దానికి పెద్ద. కాలిన నేల మీద ఎవరైనా యాభై మొక్కలు నాటి బతికించి, కార్తీకం మొదటి రోజున పచ్చగా చూపించగలిగితే ఆ నేల మళ్లీ అడవి. అక్కడ వేట బంద్. మొక్కల పని మీద ఉన్నవాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. నాటిన మొక్కను పీకకూడదు. కట్టు తప్పినవాడి సంగతి చిరుత చూసుకుంటుంది. చిరుత మాట్లాడదు, చూసుకుంటుంది, అంతే. అందుకని ఎవరూ తప్పరు. యాభై చూపించలేకపోతే మాత్రం ఆ నేల ఇంకో మూడేళ్లు బయలే.

"ఇంకో మూడేళ్లు నా వల్ల కాదురా చిటికె," అంది సుంకక్క. "కార్తీకంలో లెక్క కుదరకపోతే ఈ ముగ్గుర్నీ తీసుకుని కొండ దిగిపోతాను. పుట్టిన చోటు వదలాలంటే కష్టమే. కానీ ఏం చేయను?"

"నువ్వు దిగేది ఊట దగ్గరికి, నీళ్లు తాగడానికి," అన్నాడు చిటికె. "పిల్లల్ని కూడా తీసుకుని, పట్టపగలు."

నూట ఇరవైలో ముప్పై ఒకటి పురుగు తినేసింది. పదిహేడు ఎండిపోయాయి. మొలిచినవి డెబ్బై రెండు. చిటికె కొమ్మ మీద ఒక పల్టీ కొట్టి, మొలకలు జానెడు ఎత్తు అయ్యేలోపు వాలు మీద రోజుకు నాలుగు చొప్పున పద్దెనిమిది రోజుల్లో డెబ్బై రెండు గుంటలు తవ్వాడు. ఆషాఢం సగానికి వచ్చింది. ఒక తెల్లవారుజామున మొదటి మొక్కను మెల్లగా పెకలించి చూశాడు.

చూసి ఉలిక్కిపడ్డాడు. వేళ్ల కొసలన్నిటికీ తెల్లటి తొడుగులు ఉన్నాయి, ఎవరో కొలత తీసి తొడిగినట్టు. ఆ తొడుగుల నుంచి సాలీడు దారం కన్నా సన్నటి పోగులు మట్టిలోకి పాకి ఉన్నాయి. ఇంకో మొక్క తీశాడు. అదే. మూడోదీ అంతే.

అదే సమయానికి రాత్రంతా దుంపలు తవ్వుకు తిని ముళ్లత్త గుంతకు తిరిగి వస్తోంది. ముళ్లత్త ముసలి ముళ్లపంది. కొండ మీద అందరికీ భూమి పైన ఏముందో తెలుసు. కింద ఏముందో ఆమెకే తెలుసు.

"అత్తా! అత్తా! ఆగు! ఈ తెల్లటిది ఏమిటి?"

"బూజు," అంది ముళ్లత్త ఆవలిస్తూ. "వానాకాలం పుట్టగొడుగులు చూస్తావు కదా, వాటి అసలు ఒళ్లు అదే. పైకి వచ్చే గొడుగు దానికి పువ్వు లాంటిది."

"వేళ్లను పట్టుకుని ఏం చేస్తోంది?"

"తింటోంది. ఆకు ఎండలో తీపి వండుతుంది. అది వేళ్లలోకి దిగుతుంది. అందులో అయిదో వంతు దీని నోట్లోకే పోతుంది. అయితే—"

"అయిదో వంతా!"

"అయితే, విను—"

వినడానికి అక్కడ ఎవరూ లేరు. చిటికె తోక పొద చాటున మాయమైంది. ముళ్లత్త ముళ్లు ఒకసారి గలగలలాడించి, నిద్రకు వెళ్లిపోయింది.

చిటికె వాలు మీదికి వెళ్లి కాలిన మోడెక్కి కూర్చున్నాడు. అయిదింట ఒకటి దొంగ తింటే మొక్కకు మిగిలేది నాలుగు. ఆ ఒకటి కూడా మొక్కకే మిగిల్చితే? నాలుగు పెరిగే చోట అయిదు పెరుగుతుంది. అంటే వందకు పాతిక ఎక్కువ!

"ఏమల్లుడూ, ఒక్కడివే లొట్టలేస్తున్నావు?" కింద నుంచి జిత్తయ్య పలకరించాడు. అతని గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

ఎంత దాచుకుందామన్నా లెక్క చిటికె నోట్లో ఆగదు. మొత్తం చెప్పేశాడు. తొడుగులు, దొంగ, అయిదో వంతు, వందకు పాతిక.

జిత్తయ్య కళ్లు మూసుకుని విన్నాడు. బూజు గురించి అతనికి ఏమీ తెలియదు. కానీ లేత వేరును నీళ్లలో పెట్టి రుద్దితే తెగిపోతుందని తెలుసు.

"అబ్బ! ఏం బుర్రరా అల్లుడూ! మీ తాతముత్తాతలు ఇన్నేళ్లుగా జాలారి గింజలు తిన్నారే గానీ ఈ లెక్క ఒక్కడికైనా తట్టిందా? మరి దొంగ దొరికాక ఇంకా ఆలోచనేమిటి? ఊట కింది వాగులో ముంచి వేళ్లు శుభ్రంగా కడుగు. రుద్ది కడుగు. తెల్లటిది చుక్క కూడా మిగలకూడదు."

"నేనూ అదే అనుకున్నాను మామా!"

"అనుకోకుండా ఎలా ఉంటావు? నువ్వు చిటికెవి!"

ఆ రోజు నుంచి రోజుకు పది మొక్కలు. వాగులో ముంచడం, వేళ్లు కాళ్ల మధ్య పెట్టుకుని రుద్దడం, మెరిసిపోయేలా కడగడం, గుంటలో పెట్టడం. ఆరు రోజుల్లో అరవై అయ్యాయి. ఏడో రోజు కుండపోత వాన. వాగు పొంగి, గట్టు మీద కాలు పెట్టే వీల్లేదు. మిగిలిన పన్నెండు మొక్కల్నీ చిటికె విసుక్కుంటూ మట్టితోనే, బూజుతోనే తీసుకెళ్లి పై వరుసలో నాటేశాడు.

"ఈ పన్నెండూ దొంగల్ని వీపున మోసుకొచ్చాయి," అన్నాడు సుంకక్కతో. "వీటిని లెక్కలోంచి తీసెయ్. అరవై చాలు మనకు."

శ్రావణం గడిచింది. వాన సమంగా పడింది. ఎండ సమంగా కాసింది. చిటికె రోజూ పొద్దున్నే వరుసల మధ్య నడుస్తూ లెక్కపెట్టేవాడు. మొదట ఆకులు ఊదా రంగు తిరిగాయి. తర్వాత పసుపు. తర్వాత అంచులు ముడుచుకున్నాయి. ఒక రోజు పైనుంచి కిందికి, కింది నుంచి పైకి మూడు సార్లు లెక్కపెట్టినా లెక్క మారలేదు. కడిగిన అరవైలో అరవయ్యీ వాడిపోయాయి. కడగని పన్నెండులో పన్నెండూ పచ్చగా నవనవలాడుతున్నాయి.

చిటికె ఆ పన్నెండింటి ముందు కూలబడ్డాడు. అదే నేల, అదే వాన. తేడా ఒక్కటే.

పొద దగ్గర సుంకక్క పిల్లలకు చెవులు నాకి శుభ్రం చేస్తోంది. ప్రయాణానికి ముందు చేసే పని అది. చిటికెను చూసినా నాకడం ఆపలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"అక్కా, కార్తీకానికి ఇంకా అరవై రోజులు ఉన్నాయి," అన్నాడు.

"పిల్లలకు కొత్త చోటు వెతకడానికి కూడా అరవై రోజులు పడుతుంది చిటికె."

అతను ముళ్లత్త గుంత దగ్గరికి పరిగెత్తాడు. అప్పుడే ఆమె లోపలికి వెళ్లబోతోంది.

"అత్తా! ఆ రోజు 'అయితే' అన్నావు. అయితే ఏమిటి?"

"వచ్చావా!" ముళ్లత్త గుంత ముఖాన చతికిలబడింది. "నెలన్నరగా ఆ మాట నా నోట్లోనే ఉంది. తీసుకో. అయితే, ఊరికే తినదు అన్నాను. మొక్క వేరు లావు. రాతి సందుల్లోకి, మట్టి రేణువుల మధ్యకి దూరలేదు. బూజు పోగు వెంట్రుక కన్నా సన్నం. వేరు ఒక అంగుళం పోయే లోపు అది మూరెడు పోతుంది. అక్కడి తడి, అక్కడి సారం పీల్చుకొచ్చి వేరు నోట్లో పెడుతుంది. జాలారికి అది లేకపోతే నీళ్ల మధ్య ఉన్నా దప్పికే, సారం మధ్య ఉన్నా ఆకలే."

చిటికె అరవై మొక్కల వేళ్లు రుద్దిన తన ముందు కాళ్ల వైపు చూసుకున్నాడు.

"అయిదో వంతు దొంగతనం కాదురా. కూలి. నువ్వు కూలివాడి కూలి మిగిలిందని గంతులేశావు. పని ఎవరు చేస్తారో అడగలేదు."

"మరి ఆ బూజు వాలు మీది మట్టిలో ఎందుకు లేదు?"

"దానికి తీపి పెట్టే చెట్టు ఉంటేగా! చెట్లు కాలి మూడేళ్లు. అక్కడ అది ఆకలితో పోయింది. తల్లి చెట్ల కింద మాత్రం నిండుగా ఉంది."

"తల్లి చెట్టు ఆ పోగుల్లోంచి పిల్లలకు పాలు కూడా పడుతుందంటారు, నిజమేనా?"

"అది నేను చూడలేదు. చూడనిది చెప్పను. ఆ మట్టిలో మొక్క తలెత్తుతుంది, ఈ మట్టిలో తల వాలుస్తుంది. ఇది చూశాను."

"అయితే తల్లి మట్టి తెచ్చి గుంటల్లో వేస్తే?"

"బూజు పట్టుకోవచ్చు. గుంటకు నీ దోసిళ్లు పదిహేను పడాలి. తడిగా ఉండాలి, వేళ్లకు తగలాలి. పోగు వేరును అల్లుకోవడానికి నెలన్నర పడుతుంది."

చిటికె పెదవులు చకచకా కదిలాయి. అరవై గుంటలు, గుంటకు పదిహేను. తొమ్మిది వందల దోసిళ్లు. తల్లి చెట్ల నుంచి వాలు దాకా దోసిలి మట్టి ఒలికిపోకుండా తీసుకెళ్లి రావడం రోజుకు ఆరుసార్లు కుదురుతుంది. నూట యాభై రోజులు! ఉన్నవి అరవై. అందులో నెలన్నర బూజుకే కావాలి. తనకు మిగిలేది పదిహేను రోజులు. అంటే తొంభై దోసిళ్లు, ఆరు గుంటలు. ఆ ఆరు, పైన పన్నెండు. పద్దెనిమిది.

"ముప్పై రెండు తక్కువ," అన్నాడు నీరసంగా. "అత్తా, నువ్వు కొంచెం మోస్తావా?"

"నా ఒంటి మీద మట్టి నిలుస్తుందా? నాలుగడుగులేస్తే ముళ్లలోంచి జారిపోతుంది. దానికి దట్టమైన బొచ్చు కావాలి. తడి మట్టిలో ఒకసారి దొర్లితే చాలు. గట్టి కాళ్లు కావాలి. వాలు మీద భయం లేకుండా తిరిగేవాడై ఉండాలి."



చిటికె చెవులు మెల్లగా నిక్కాయి. "అత్తా," అన్నాడు, "అలాంటివాడు ఒకడున్నాడు."

మర్నాడు ముసురు పట్టింది. చిటికె మోడు మీద కూర్చుని తోకతో కళ్లు తుడుచుకుంటున్నాడు. జిత్తయ్య చూడకుండా ఉంటాడా?

"ఏమల్లుడూ, వందకు పాతిక ఎంతవరకు వచ్చింది?"

"వస్తుంది మామా. ఇవి పాత ఆకులు వదిలేస్తున్నాయి, అంతే. దొంగ పోయాక వేరు కుదురుకోవద్దా? ఇంకో ఇరవై రోజులు. ఇరవై ఒకటో రోజు చూడు, అరవైకి అరవయ్యీ చిగురేస్తాయి. లెక్క వేశాను."

జిత్తయ్య మీసం కదిలింది. డెబ్బై మొలుస్తాయన్నాడు, డెబ్బై రెండు మొలిచాయి. పద్దెనిమిది రోజుల్లో గుంటలు తవ్వేస్తానన్నాడు, తవ్వేశాడు. ఈ కుర్రాడి లెక్క తప్పడం అతను ఇంతవరకు చూడలేదు.

"మరి ఏడుపెందుకు?"

"ఇంకెవరికీ చెప్పనంటేనే."

"నాకు చెబితే బండరాయికి చెప్పినట్టే."

"ఆ పై వరుస చూశావా?"

"చూశాను. ఆ పన్నెండూ పచ్చగా ఉన్నాయే."

"అదే మామా భయం! ఆ బూజు దొంగ ఉన్నాడే, మొదట బాగా మేపుతాడు. మొక్క బలిశాక ఒక్కసారిగా పీల్చేస్తాడు."

ఇది జిత్తయ్యకు చెప్పకుండానే అర్థమైంది. బలిసేదాకా ఆగడం అతను పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనే.

"కార్తీకానికి ముందే ఆ పన్నెండూ మాడిపోతాయి," అన్నాడు చిటికె. "మిగిలేవి కడిగిన అరవై. వాటి మొదట్లో తల్లి చెట్టు కింది మట్టి పడిందంటే నా పని అయిపోయినట్టే. ఎంత కష్టపడి కడిగాను మామా!"

"కొంచెం పడితే ఏమవుతుందిలే?"

"కొంచెమైతే తట్టుకుంటాయి. గుంటకు పద్నాలుగు దోసిళ్ల దాకా ఫరవాలేదు. పదిహేను పడకూడదు. అదీ తడి మట్టి పడకూడదు. ఎండు మట్టిలో దొంగ చస్తాడు. పైపైన పడినా బాధ లేదు, వేళ్లకు తగిలేలా తొక్కితేనే ప్రమాదం."

"అయ్యో పాపం," అన్నాడు జిత్తయ్య. "జాగ్రత్త అల్లుడూ. లోకం మంచిది కాదు."

నాటిన మొక్కను పీకకూడదని కట్టులో ఉంది. మొదట్లో మట్టి వేయకూడదని ఏ కట్టులోనూ లేదు. ఈ సంగతి జిత్తయ్య రెండుసార్లు ఆలోచించి చూసుకున్నాడు. తర్వాత తోక ఊపుకుంటూ తల్లి చెట్ల వైపు నడిచాడు.

ఆ తర్వాత మూడు రోజులు పొద్దున పూట కొండ మీద జరిగిన వేడుక చూడాల్సిందే. జిత్తయ్య తల్లి చెట్టు కింద వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకెత్తి, తడి మట్టిలో ఇటు దొర్లుతాడు, అటు దొర్లుతాడు. లేచేసరికి నక్క కాదు, నడిచే మట్టి దిబ్బ. ముక్కు మీద ఆకు, చెవిలో వానపాము. అలాగే వాలెక్కి, మొక్క పక్కన నిలబడి ఒళ్లు దులుపుతాడు. కాళ్లతో వేళ్లకు తగిలేలా తొక్కుతాడు. ఒక్క దొర్లుడుకు అరవై దోసిళ్లు, అంటే నాలుగు గుంటలు. పూటకు అయిదు తడవలు.

చిటికె జాలారి కొమ్మ మీద తోక నోట్లో కుక్కుకుని లెక్కపెడుతున్నాడు. నవ్వు బయటికి వస్తే లెక్క పోతుంది. పక్క పొదలో సుంకక్క ముగ్గురు పిల్లల నోళ్లూ మూసి పట్టుకుంది. నాలుగో నోరు మూయడానికి కాళ్లు చాలక తన నోరు వదిలేసింది.

రెండో రోజు మధ్యాహ్నం చిటికె వాలు మీదికి వచ్చి గుండెలు బాదుకున్నాడు.

"అయ్యో! ఎవరో మట్టి పోశారు! కొంప ముంచారు! ఒకటి, రెండు... నలభై గుంటల్లో..." అంటూ వెళ్లి రెండు మొక్కల దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "అమ్మయ్య! ఈ రెండింటికీ పదమూడేసి దోసిళ్లే పడ్డాయి. ఇవైనా బతుకుతాయి."

బండ చాటున జిత్తయ్య పళ్లు కొరుక్కున్నాడు. మూడో రోజు తెల్లవారగానే మొదటి దొర్లుడు ఆ రెండింటికే దులిపి, గట్టిగా తొక్కి మరీ వెళ్లాడు. ఆ ఒక్కటి అదనం. మొత్తం పదహారు తడవలు.

తర్వాత చేయగలిగింది ఏమీ లేదు, ఎదురుచూడటం తప్ప. చిటికెకు చేతకాని పని అదొక్కటే. రోజుకు పదిసార్లు వెళ్లి చూసేవాడు. ముళ్లత్త ఒకసారి కసిరింది: "నువ్వు చూసినంత మాత్రాన పోగు తొందరగా పాకదురా. పో, ఏదైనా తిను."

పదో రోజు ఏమీ లేదు. ఇరవయ్యో రోజు ఎనిమిది ఎండిపోయాయి. ఇరవై ఒకటో రోజు జిత్తయ్య వచ్చి, "అరవైకి అరవై, అన్నావు కదూ?" అని తీరిగ్గా నవ్వి వెళ్లాడు. ముప్పయ్యో రోజుకు మొత్తం పంతొమ్మిది పోయాయి. ఆ రాత్రి చిటికె కలలో కూడా తీసివేతలే.

ముప్పై నాలుగో రోజు పొద్దున మూడో వరుసలో, మోడుకు ఎడమ పక్కన, ఒక పసుపు మొక్క నెత్తిన మినప గింజంత చిగురు కనిపించింది. చిటికె దాని చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేశాడు. వాసన చూశాడు. పక్క మట్టిని గోటితో కొద్దిగా తొలగించాడు. వేరు కొసకు తెల్లటి తొడుగు ఉంది. ఈసారి దాన్ని ముట్టుకోలేదు. నిద్రపోతున్న పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు మట్టి మళ్లీ కప్పేశాడు.

తర్వాత అన్నీ ఒకదాని వెనుక ఒకటి.

కార్తీకం మొదటి రోజు కొండంతా వాలు దగ్గర చేరింది. పైబండ మీద చిరుత కళ్లు మూసుకుని పడుకుంది. అది నిద్ర కాదని అందరికీ తెలుసు. తాబేలు తాత ఒక్కో మొక్క దగ్గర ఆగి, మెడ చాచి, ఆకు చూసి, మెడ లోపలికి తీసుకుని, "ఒకటి" అన్నాడు. కొంతసేపటికి "రెండు" అన్నాడు. పొద్దున మొదలైన లెక్క మధ్యాహ్నానికి నలభై దాటింది. చిటికెకు ఒళ్లంతా దురద పుట్టింది.

"నలభై తొమ్మిది," అన్నాడు తాత. ఆగాడు. దగ్గాడు. ముందున్న మొక్క ఎండిపోయింది. దాన్ని దాటాడు. సుంకక్క కళ్లు మూసుకుంది.

"యాభై."

వాలు మీద కేక లేచింది. తాత దాన్ని పట్టించుకోకుండా మిగిలిన మూడూ చూసే ముగించాడు. "పై వరుస పన్నెండు, మిగతా వరుసల్లో నలభై ఒకటి. యాభై మూడు. ఈ వాలు ఇవాళ్టి నుంచి అడవి. ఇక్కడ వేట లేదు."

"ఆగండి!" జిత్తయ్య గుంపులోంచి ముందుకు వచ్చాడు. అతని గొంతు మొదటిసారి మెత్తగా లేదు. "ఇందులో మోసం ఉంది! ఆ మట్టి... ఆ మట్టి పడ్డాక ఇవి చావాలి!"

"ఏ మట్టి?" అన్నాడు తాత.

"మామ చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు తాతా, నేను చెబుతాను," అన్నాడు చిటికె మోడెక్కి. "ఈ మొక్కలు నా తప్పు వల్ల చావబోయాయి. తల్లి చెట్టు మట్టి మోసుకొచ్చి బతికించింది జిత్తయ్య మామ. పదహారు తడవలు. ముసురులో తడుస్తూ, ఎవరికీ చెప్పకుండా! నమ్మకపోతే తల్లి చెట్టు కింద చూడండి. మామ ఆకారంలోనే పల్లం పడింది. తోకతో సహా."

అందరూ జిత్తయ్య వైపు తిరిగారు. పైబండ మీద చిరుత ఒక కన్ను తెరిచింది.

జిత్తయ్య తల ఎత్తి పైకి చూశాడు. చంపడానికే తెచ్చానని అంటే ఆ కన్ను రెండోదాన్ని కూడా తెరుస్తుంది.

"అదేదో..." అన్నాడు చివరికి. "చిన్న సాయం."

"చిన్నదేమిటి!" తాబేలు తాత మెడ పొంగిపోయింది. "నా వయసులో ఇలాంటి నక్కను చూడలేదు. జిత్తయ్యా, ఇవాళ్టి నుంచి ఈ వాలుకు నువ్వే కాపు. మొక్కకు ఏ హాని జరిగినా జవాబు నువ్వే చెప్పాలి."

ఉడుత పిల్లలు జాలారి రెక్కలు గుచ్చిన దండ తెచ్చి మెడలో వేశారు. దండ వేసుకున్న నక్క ముందు నుంచి సుంకక్క ముగ్గురు పిల్లలతో తీరిగ్గా, ఎక్కడా గెంతకుండా, ఒక్కో అడుగే వేస్తూ నడిచింది.

"దండాలు జిత్తయ్యన్నా. ఊట దగ్గరికి వెళ్లొస్తాం."

"దండాలు మామా," అన్నారు పిల్లలు ముగ్గురూ, ఒకరి తర్వాత ఒకరు.

జిత్తయ్య మింగిన గుటక పైబండ దాకా వినిపించింది.

చిటికె పరుగున ముళ్లత్త దగ్గరికి వెళ్లాడు. ఆమె ఈ రోజు కోసం పగటి నిద్ర మానుకుని, ఎండకు కళ్లు చికిలించుకుంటూ కూర్చుంది.

"ఒక్క మాట గుర్తుపెట్టుకోరా," అంది. "పోయేదాన్ని చూసి లెక్క ముగించకు, వచ్చేదాన్ని కూడా చూశాకే గీత గియ్యి."

"పెట్టుకున్నాను. అత్తా, పడమటి వాలు కూడా కాలిందే కదా? అక్కడ మూడు వందల గుంటలు పడతాయి. గుంటకు పదిహేను చొప్పున నాలుగు వేల అయిదు వందల దోసిళ్లు—"

"అయితే—" అంది ముళ్లత్త.

చిటికె లేచిన కాలు దించాడు. తోక కిందికి మడుచుకుని, బుద్ధిగా కూర్చున్నాడు. "అయితే?"

ముళ్లత్త ఆశ్చర్యంగా అతని వైపు చూసింది. "అయితే, అక్కడి నేల గట్టిది. పదిహేను చాలవు, ఇరవై పడాలి."

"ఇంకేమైనా ఉందా?"

"లేదు. అంతే."

"నిజంగా అంతేనా?"

"అంతేరా బాబూ, పో!"

మూడు వందల గుంటలు, ఇరవై చొప్పున ఆరు వేలు. దొర్లుడుకు అరవై చొప్పున నూరు దొర్లుళ్లు. పూటకు అయిదు. ఇరవై పొద్దులు. ఈసారి అబద్ధం కూడా అక్కర్లేదు. కొండంతా చూస్తుండగా ఒక్క మాట అడిగితే చాలు.

చిటికె మీసాలు సవరించుకుని, గొంతు సర్దుకుని, దండ తీసేద్దామా వద్దా అని తేల్చుకోలేక నిలబడ్డ జిత్తయ్య వైపు మొదటి అడుగు కోసం కాలు ఎత్తాడు.